మాట కింద తొమ్మిది సెకన్లు

విజయవాడలో మేం నూట నలభైమందిమి ఉన్నాం. రోడ్డు మీద ఎదురుపడితే నమస్కారాలు పెట్టుకోం. ఒకరు ఇరవయ్యొక్క సెకన్లపాటు కూనిరాగం తీస్తారు. తర్వాత ఇద్దరమూ కలిసి, "వచ్చావా? బిందె అక్కడే ఉంది. నేనింకా తీయలేదు" అంటాం. మళ్ళీ పదిహేడు సెకన్లు కూనిరాగం. అయ్యాక ఎవరి కూరగాయల సంచీతో వాళ్ళం వెళ్ళిపోతాం. చూసేవాళ్ళు మా గురించి ఏమనుకుంటారో మాకు తెలుసు. వాళ్ళ మీద మాకు కోపం లేదు, జాలి ఉంది.

ముప్ఫై నాలుగేళ్ళ కిందట టీవీలో 'రెండో కుళాయి' అని ఒక సీరియల్ వచ్చేది. మంగళవారం మంగళవారం, పదమూడు వారాలే. వీధి కుళాయి దగ్గర మాటామాటా పెరిగి విడిపోయిన మొగుడూ పెళ్ళాల కథ. ఆఖరి వారంలో, ఏడేళ్ళ తర్వాత, ఆవిడ తిరిగొస్తుంది. వీధి చివర కనబడుతుంది. అప్పుడొక క్లారినెట్ మొదలవుతుంది. ఆవిడ నడుస్తుంటుంది, అది వెనకాల వస్తుంటుంది. సరిగ్గా ఇరవయ్యొకటో సెకనులో ఆ మొగుడు నోరు తెరిచి, చాలా నిదానంగా, పైన చెప్పిన బిందె మాట అంటాడు. ఆ మాటకి తొమ్మిది సెకన్లు పడుతుంది. నేను లెక్కల మాస్టార్ని, స్టాప్‌వాచీ పెట్టి కొలిచాను.

ఆ తొమ్మిది సెకన్లూ మాట కింద క్లారినెట్ ఏదో చేస్తోంది. చేస్తోందని తెలుస్తుంది, ఏం చేస్తోందో వినపడదు. మాట అయ్యాక బయటికొచ్చే క్లారినెట్ వేరే మనిషిలా ఉంటుంది, బాగా ఏడ్చి మొహం కడుక్కుని వచ్చినట్టు. మధ్యలో ఏమైందో తెలియక నేను ముప్ఫై నాలుగేళ్ళు బతికాను. నా భార్య దీన్ని జబ్బంటుంది. జబ్బే. కానీ నూట నలభైమందికి ఒకే జబ్బు ఉంటే దాన్ని సంఘం అంటారు.

మా సంఘానికి అధ్యక్షురాలు సులోచనగారు. గవర్నరుపేటలో జాకెట్లు కుట్టే షాపు ఆవిడది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు ఉంటుంది, ఎదుటివాడి మాట నచ్చకపోతే దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగుతారు. నేను కార్యదర్శిని. ఆ నేపథ్య సంగీతం క్యాసెట్‌గానో, సీడీగానో, ఇంకెలాగోలాగానో విడుదల చెయ్యమని పదకొండేళ్ళు అర్జీలు పెట్టాం. ఇలాంటి సంఘాలు రాష్ట్రమంతా ఉన్నాయని అప్పుడే తెలిసింది. గుంటూరులో ఒక సినిమా దొంగతనం సీను వెనక తబలా కోసం, కాకినాడలో ఒక సబ్బు ప్రకటన వెనక ఈల కోసం జనం మాలాగే ఏడుస్తున్నారు. అందరం కలిసి సంతకాలు పంపాం. ప్రభుత్వం కదిలింది. 'అవిడుదల సంగీత పరిరక్షణ మండలి' ఏర్పాటైంది. మేం మైసూరుపాకు పంచుకున్నాం. 'పరిరక్షణ' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. మైసూరుపాకు నోట్లో ఉండగా ఎవరు ఆగుతారు?

మండలి కార్యదర్శి తాడికొండ విశ్వపతిగారు. అంతకు ముందు ఇరవై ఏడేళ్ళు గిడ్డంగుల శాఖలో చేశారు. నేనూ సులోచనగారూ వెళ్ళేసరికి ఆయన గదిలో ఒక ఇనప బీరువా, దాని పక్కన ధాన్యం షాపుల్లో ఉండే లాంటి కాటా, కాటా పక్కన ఆయన ఉన్నారు.

"టేపు ఉందాండీ?" అన్నారు సులోచనగారు.

"సురక్షితంగా ఉన్నది. మూడు మాసాలకొకసారి తూకం వేయిస్తున్నాము. నూట ఎనభై గ్రాములు. ఇంతవరకు తరుగు లేదు."

"ఎప్పుడు విడుదల చేస్తారు?"

విశ్వపతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెద్దమనిషి, మమ్మల్ని కసరలేదు. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, ఈ మండలి ఏ సంగీతాన్ని పరిరక్షించుటకు ఏర్పడినది? అవిడుదల సంగీతాన్ని. విడుదల అయిన మరుక్షణం సదరు సంగీతం ఆ వర్గం నుండి తొలగిపోవును. మా సంరక్షణలో ఉన్న సరుకును మా చేతులతో మేమే అంతరింపజేయడం ఏ నియమావళి ప్రకారం చూచినా కర్తవ్య విస్మరణ అవుతుంది."

"పోనీ ఒక్కసారి వినిపించండి. ఇక్కడే, ఈ గదిలోనే."

"వినిపించుట విడుదలకు పూర్వరంగం."

"మీరైనా విన్నారా?"

"రామ రామ." ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "టేపును ఈ బీరువాలోకి చేర్చిన సిబ్బంది కూడా చెవుల్లో దూది పెట్టుకున్నారు. అసలు ఆ సీరియల్‌నే నేను చూచి ఎరుగను. ఆ రోజుల్లో ఏజెన్సీలో గోడౌన్ల మీద ఉన్నాను, అక్కడ కరెంటు లేదు."

ఆయన అబద్ధం ఆడటం లేదు. అదే మా ఖర్మ. దొంగ అయితే పట్టుకోవచ్చు, నిజాయితీపరుణ్ణి ఏం చేస్తాం? సులోచనగారి కొలతల టేపు ఆ రోజు తెగిపోయింది.

ఆ నెల మా సంఘం సమావేశానికి వెనక బెంచీలో ఒక కొత్తాయన వచ్చి కూర్చున్నారు. డెబ్భై దాటిన మనిషి, చంకలో గుడ్డసంచీ. మేం ఆనవాయితీ ప్రకారం కూనిరాగం తీసి, బిందె మాట అనుకుని, మళ్ళీ కూనిరాగం తీసి కూర్చున్నాక ఆయన లేచారు.

"నా పేరు పసుపులేటి నాగభూషణం అండి. ఊరు తెనాలి. మీరిప్పుడు పాడుకున్న ముక్క వాయించింది నేనే."

ఎవరూ నమ్మలేదు. సులోచనగారు అడిగారు. "అయితే ఆ మాట కింద ఏముందో చెప్పండి."

"అక్కడ ఏమీ లేదండి," అన్నారు భూషణంగారు. "అంటే, సంగీత దర్శకుడుగారిచ్చిన కాగితం మీద ఏమీ లేదు. అక్కడ ఖాళీ ఉందేంటండీ అన్నాను. 'అక్కడెలాగూ మాట వస్తుందిలేవయ్యా, నీకు తోచింది వాయించు, ఎవడు వింటాడు' అన్నారు. నలభై ఏళ్ళు వాయించానండి. పెళ్ళిళ్ళు, ఊరేగింపులు, సినిమాలు, సీరియళ్ళు. అన్నీ ఒకళ్ళు రాసిచ్చినవే. నాకు తోచింది వాయించింది మాత్రం ఆ తొమ్మిది సెకన్లే."

ఆయన సంచీలోంచి క్లారినెట్ తీసి ముక్కలు బిగించడం మొదలుపెట్టారు. "చిగుళ్ళు చెడిపోయాయండి. పైపళ్ళు తీసేయాలంటున్నాడు డాక్టరు. మౌత్‌పీసు పైపళ్ళ మీదే ఆనుతుంది మరి. కట్టుడుపళ్ళతో వాయించేవాళ్ళు ఉన్నారట, ఈ వయసులో మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవడం నావల్ల కాదు. పళ్ళు ఉండగానే ఒక్కసారి, మాట అడ్డం లేకుండా, నలుగురి ముందూ వాయించాలని..."

"ఆగండి," అన్నారు సులోచనగారు.

ఆగారాయన.

"ఇప్పుడు మీరు వాయించేది మీకు గుర్తున్నది. మాకు కావల్సింది టేపులో ఉన్నది. ముందు ఒరిజినల్ వినాలి. మీది వినేస్తే ఒరిజినల్ విన్నప్పుడు మాకు అది పాతదైపోతుంది. ఏమంటారు?"

చేతులెత్తి ఓటేశాం. నూట నలభై చేతులు లేచాయి. అందులో నాదొకటి. వాయించినవాడు క్లారినెట్ పట్టుకుని ఎదురుగా నిలబడితే, వద్దు నాయనా నీ టేపే కావాలన్నవాళ్ళం మేం. ఇక మండలిని అనడానికి మాకేం మొహం ఉంది? ఆ చెయ్యి చూసుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. భూషణంగారు మాత్రం బిగించిన ముక్కలు విప్పి, ఒక్కొక్కటీ తుడిచి సంచీలో పెట్టుకున్నారు.

పైగా మేం చేసిన ఘనకార్యం ఇంకొకటుంది. అసలు వాద్యకారుడే మా సంఘంలో ఉన్నాడని గొప్పగా మండలికి ఉత్తరం రాశాం. మండలి వెంటనే స్పందించింది. భూషణంగారికి 'అశ్రుత కళానిధి' అని బిరుదిచ్చారు. ఎవరూ వినని కళకు నిధి అని దాని అర్థం. సభలో శాలువా కప్పారు, శాలువా మీద దండ వేశారు, దండ కింది నుంచి ఒక కాగితం చేతిలో పెట్టి సంతకం చెయ్యమన్నారు. దండ అడ్డమొచ్చి ఆయన చదవలేదు. సదరు తొమ్మిది సెకన్ల భాగాన్ని ఏ వాద్యం మీదా, ఎవరి ఎదుటా, తన ఇంట్లో తలుపులు వేసుకుని కూడా వాయించనని అందులో హామీ ఉంది. సంతకం ఆరకముందే ఒక ఉద్యోగి కొవ్వొత్తి వెలిగించి, క్లారినెట్ గరాటు నోటికి గుడ్డ కట్టి లక్క ముద్ర వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

వేరే క్లారినెట్ తెస్తానన్నాను నేను. "ఇంకొకరి క్లారినెట్ అంటే ఇంకొకరి పళ్ళసెట్టు లాంటిదండి మాస్టారూ," అన్నారాయన. "అయినా సంతకం పెట్టాను కదా."

ఈలోగా అవిడుదల అన్నది ఫ్యాషనైపోయింది. మండలి గ్రేడులు పెట్టింది. ఎవరూ బొత్తిగా విననిది మొదటి గ్రేడు, మాటల కింద సగం విన్నది రెండో గ్రేడు. దాంతో సంగీత దర్శకులు, నీవి ఎన్ని విడుదల కాలేదు, నావి ఇన్ని కాలేదు అని టీవీల్లో పోటీలు పడ్డారు. ఒక నిర్మాత 'ఈ చిత్రానికి అద్భుతమైన నేపథ్య సంగీతం ఉంది, మీకు వినిపించం' అని పోస్టర్లు వేశాడు. సినిమా మొత్తం మాటలూ, చెప్పుల చప్పుడూ తప్ప ఏమీ లేదు. వంద రోజులాడింది. గుడివాడలో ఒక బ్యాండు మేళం పెళ్ళి ఊరేగింపులో ముందు నడుస్తూ వాయించకుండా వాద్యాలు ఊరికే పట్టుకోవడం మొదలుపెట్టింది. మామూలు మేళం కంటే ఆ మేళానికే గిరాకీ. పెళ్ళికొడుకు గుర్రం ఒక్కటే బెదిరిపోయిందట, దానికి అలవాటు లేక.

మండలి ఏటా 'అశ్రుత సంగీతోత్సవం' కూడా జరిపేది. కళాకారులు వేదిక మీద వాద్యాలు పట్టుకుని కూర్చుంటారు, వాయించరు. మొదటి ఏడాది ఒక మృదంగ విద్వాంసుడు రెండు చేతులూ జానెడు ఎత్తున గంటన్నర నిలిపాడు. జనం ఉండబట్టలేక శభాష్ అన్నారు. తంబురా ఆయన దగ్గితే పోటీ నుంచి తీసేశారు. పత్రికలో విమర్శ వచ్చింది, 'ద్వితీయార్ధంలో వేలు చర్మానికి తగిలినట్టు ఒకచోట అనుమానం కలిగినా మొత్తం మీద కచేరీ నిశ్శబ్దంగా రక్తి కట్టింది' అని. ఆ విమర్శ రాసింది నేనే. అప్పట్లో బుద్ధి అలా ఉండేది.

ఇంతలో మా కూనిరాగం మీద మండలి కన్ను పడింది. నలభై ఏడు సెకన్లలో ముప్ఫై ఎనిమిది ఎప్పుడో ప్రసారమైనవే కాబట్టి వాటికి అభ్యంతరం లేదు. కానీ మధ్యలో తొమ్మిది సెకన్ల దగ్గర ఎవడైనా మాట అనకుండా నోటికొచ్చిన రాగం తీస్తే? ఆ తీసింది పొరపాటున సరిగ్గా ఉంటే? సర్క్యులర్ వచ్చింది.

"సదరు రాగమును ఆలపించు ప్రతి పౌరుడు ఇరవయ్యొకటవ సెకను వద్ద విధిగా, స్పష్టముగా, బిగ్గరగా బిందె సంభాషణను పలుకవలెను. లేనియెడల ఆ ఖాళీలోనికి ఊహాగానము చొరబడి అవిడుదల భాగమునకు తరుగు ఏర్పడు ప్రమాదము కలదు. ఈ విషయమై విద్యాసంస్థలు, రవాణా సంస్థలు, గృహిణులు తగు శిక్షణ పొందవలెను."

శిక్షణ మొదలైంది. మా బళ్ళో ప్రార్థన అయ్యాక రోజూ ఇదే. నేను స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఏడో తరగతి పిల్లలకి ఎక్కాలు రావు గానీ బిందె మాట ఠంచనుగా ఇరవయ్యొకటో సెకనుకి వచ్చేది. ఆరు నెలలు తిరిగేసరికి ఊరంతా నేర్చేసుకుంది. కింద పాలాయన సైకిలు మీద ఈల వేసుకుంటూ పోతే, మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ తనకి తెలియకుండానే "వచ్చావా? బిందె అక్కడే ఉంది" అనేది. ఆమె మొగుడు లోపలినుంచి "నేనింకా తీయలేదు" అనేవాడు. అలా కొన్ని కాపురాలు చక్కబడ్డాయని మండలి వార్షిక నివేదికలో రాసుకుంది.

రెండో ఉత్సవం శనివారం అనగా గురువారం సాయంత్రం భూషణంగారు మా ఇంటికొచ్చారు. దవడ వాచి ఉంది. మా ఆవిడ కాఫీ ఇస్తే చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నారు.

"సోమవారం పళ్ళు తీసేస్తాడటండి. ఇంక ఆగదన్నాడు. శనివారం ఉత్సవంలో నన్ను కూర్చోబెడుతున్నారు."

"ముద్ర వేసిన క్లారినెట్‌తోనా?"

"లేదండి, ముద్ర తీసేస్తారట. విశ్వపతిగారు చెప్పారు. ముద్ర ఉంటే ఎలాగూ వాయించలేను కదా, అందులో గొప్పేముంది, వాయించగలిగి ఉండి వాయించకపోవడమే కళ అని రూలు పెట్టుకున్నారట. వేదిక మీదే తీసి, అయ్యాక అక్కడే మళ్ళీ వేస్తారు." కాఫీ ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఊదేస్తానండి మాస్టారూ."

బిరుదు లాక్కుంటారన్నాను, కేసు పెడతారన్నాను, టేపు ఇంక జన్మలో బయటికి రానివ్వరన్నాను.

"బిరుదు పోతే పోయింది. శాలువా మాత్రం ఉంచుకోమంటే ఉంచుకుంటాను, చలికి బాగానే ఉంది." గ్లాసు కింద పెట్టారు. "నలభై ఏళ్ళూ మాటల వెనకాలే ఉన్నానండి. ఒక్కసారి ముందు కూర్చుంటాను. మీరు ఎవరికీ చెప్పకండి, అడ్డం పడతారు. మీరు మాత్రం వినండి. జాగ్రత్తగా వినండి."

ఎవరికీ చెప్పలేదు. సులోచనగారికి కూడా. శనివారం మండలి హాల్లో నాలుగో వరసలో కూర్చున్నాను. ఆరువందల మంది జనం. మా సంఘం మొత్తం ఉంది. భూషణంగారు తెల్ల పంచె కట్టుకుని వేదిక మధ్యన కుర్చీలో కూర్చున్నారు. విశ్వపతిగారు ముద్ర విరిచి, సగౌరవంగా గుడ్డ విప్పి, శాలువా పట్టుకుని ఆయన వెనకాల, ఆయన భుజానికి ఆనుకున్నంత దగ్గరగా నిలబడ్డారు. వేదిక పక్కన ఒక ఉద్యోగి కొవ్వొత్తీ లక్కా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

పది నిమిషాలు కార్యక్రమం ప్రకారం నడిచింది. ఏమీ వాయించలేదు. ఎవరో మెచ్చుకోలుగా తలాడించారు. అప్పుడు భూషణంగారు క్లారినెట్ పెదాల దగ్గరికి తీసుకుని ఊదారు.

టీవీ డబ్బాలో విన్నది వేరు, గాలిలో విన్నది వేరు. ఆవిడ వీధి చివర కనబడింది. నడుస్తోంది. హాల్లో ఒక్కడు ఊపిరి తీస్తే ఒట్టు. లక్క పట్టుకున్నవాడు కూడా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. పదిహేను. పద్దెనిమిది. ఇరవై. అదుగో వస్తోంది, ముప్ఫై నాలుగేళ్ళు ఎదురుచూసింది వస్తోంది, అనుకున్నాను.

ఇరవయ్యొకటో సెకనులో ఆరువందల మందీ ఒక్క గొంతుతో, విధిగా, స్పష్టంగా, బిగ్గరగా అన్నారు: "వచ్చావా? బిందె అక్కడే ఉంది. నేనింకా తీయలేదు."

అద్భుతంగా కుదిరింది. తొమ్మిది సెకన్లకి ఒక్క పిసరు అటూ ఇటూ కాలేదు. ఆ మాట అయిపోయేసరికి క్లారినెట్ అటువైపు నుంచి వచ్చేసింది, మొహం కడుక్కుని. పదిహేడు సెకన్లు. అయిపోయింది.

నేను అనలేదని చెప్పాలని ఉంది. అన్నాను. ముందే తెలిసినవాణ్ణి, జాగ్రత్తగా వినమని చెప్పించుకున్నవాణ్ణి, అందరికంటే అర సెకను ముందే మొదలుపెట్టాను. కనీసం మా సంఘం వాళ్ళకి ఒక్క ముక్క చెప్పి ఉంటే నోళ్ళు కట్టుకుని కూర్చునేవాళ్ళేమో. ముందు వరసలో సులోచనగారు కొత్త కొలతల టేపు గుప్పిట్లో పట్టుకుని అలాగే నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏం చేశామో ఒక్కొక్కరికీ అప్పుడప్పుడే తెలుస్తోంది. వెనకనుంచి ఎవరో సన్నగా "వన్స్ మోర్" అన్నారు. అప్పటికే లక్క కరిగింది, గరాటుకి గుడ్డ బిగిసింది, ముద్ర పడింది.

భూషణంగారు మా వైపు చూడలేదు. పంచె అంచుతో మూతి తుడుచుకున్నారు. పంచెకి నెత్తురంటింది.

సోమవారం ఆయన పళ్ళు తీశారు. అదే రోజు ముగ్గురు సభ్యుల విచారణ సంఘం కూర్చుంది. తేల్చాల్సింది ఒక్కటే: శనివారం నాడు విడుదల జరిగిందా, లేదా? తొమ్మిది సెకన్ల భాగం ఎవరైనా విన్నట్టు రుజువైతే అది విడుదలైనట్టే. అప్పుడు దాన్ని బీరువాలో ఉంచే అధికారం మండలికి పోతుంది, టేపు జనానికి వచ్చేస్తుంది. ఇది మండలి సొంత నియమమే. మేం ఎగబడి సాక్ష్యానికి వెళ్ళాం. ఒక్కొక్కర్నీ ఒకటే ప్రశ్న అడిగారు, విన్నావా అని. అబద్ధమాడదామనే వెళ్ళాం. "ఎలా ఉంది?" అని రెండో ప్రశ్న వేసేసరికి నీళ్ళు నమిలాం. ఆరువందల మందీ తప్పారు.

ఆఖర్న విశ్వపతిగారిని పిలిచారు. ఊరికే, లాంఛనానికి.

"మీరు విన్నారా?"

"విన్నాను," అన్నారు విశ్వపతిగారు.

అధ్యక్షుడి చేతిలో పెన్ను ఆగిపోయింది. విశ్వపతిగారికి బిందె మాట రాదు. ఆయన సీరియల్ చూడలేదు, శిక్షణ తీసుకునే తీరిక లేక తనకు తానే మినహాయింపు ఇచ్చుకున్నారు. శాలువా పట్టుకుని క్లారినెట్‌కి మూరెడు దూరంలో నిలబడ్డ ఆ ఒక్క మనిషి నోరు మాత్రమే ఆ తొమ్మిది సెకన్లూ మూసి ఉంది.

"తమరు ఆలోచించి చెప్పండి," అన్నాడు అధ్యక్షుడు. "దీని పర్యవసానం తమ ఉద్యోగం మీద కూడా..."

"గోడౌన్లో ఎలుక దూరితే దూరినదనే రాయాలి. ఇరవై ఏడేళ్ళు అదే చేశాను."

"ఎలా ఉన్నది?"

విశ్వపతిగారు చాలాసేపు వెతుక్కున్నారు. "వర్ణించుటకు ఈ ఉద్యోగి వద్ద తగిన పదజాలం లేదు," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "బాగుందండీ," అన్నారు.

కిటికీ బయట వింటున్న సులోచనగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. టేపు వచ్చేసినట్టే అనుకున్నాం. మళ్ళీ మైసూరుపాకు తెప్పించాం. మాకు ఎప్పటికీ బుద్ధి రాదు.

పదిహేను రోజులకి తీర్పు వచ్చింది. 'ఒకే వ్యక్తి వినుట విడుదల కాజాలదు. అది స్థలమార్పిడి మాత్రమే. సరుకు ఒకటవ గోడౌనులో, అనగా బీరువాలో, ఉండగా దాని ప్రతి రెండవ గోడౌనుకు, అనగా శ్రీ విశ్వపతికి, చేరినది. కావున శ్రీ విశ్వపతిని కార్యదర్శి పదవి నుండి తప్పించి, పరిరక్షిత వస్తువుగా నమోదు చేయడమైనది.' ఆయనకి రిజిస్టరు నంబరిచ్చారు. బీరువా పక్కనే కుర్చీ వేశారు. పది నుంచి అయిదు దాకా అక్కడ కూర్చోవాలి. కూనిరాగం నిషేధం. సోమవారం సోమవారం తూకం.

భూషణంగారి చిగుళ్ళు మానాక ఒక సోమవారం ఇద్దరం వెళ్ళాం. సందర్శకులకి పావుగంట ఇస్తారు. మేం వెళ్ళేసరికి విశ్వపతిగారు కాటా మీద నిలబడి ఉన్నారు. కొత్త ఉద్యోగి చూసి రాసుకున్నాడు. "అరవై ఎనిమిది కిలోలు. తరుగు లేదు." రిజిస్టరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

విశ్వపతిగారు మమ్మల్ని చూసి కాటా దిగి నిలబడ్డారు. ఆయన ఒక సందర్శకుడి కోసం నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

"ఎలా వినబడిందండీ?" అన్నారు భూషణంగారు. పళ్ళు లేని నోట్లోంచి మాట సగం గాలిగా వచ్చింది. "నాకేం తెలియలేదు. జనం గోలలో నాకే సరిగ్గా వినపడలేదు."

విశ్వపతిగారు తలుపు దాకా వెళ్ళి, వరండాలోకి చూసి, తలుపు మూసి గడియ పెట్టారు. "మాకు సంగీతం తెలియదండీ. కానీ అది వదలటం లేదు. అన్నం తింటుంటే వస్తోంది. మొదట్నుంచీ అంటే గానీ రాదు," అని గొంతు సవరించుకున్నారు.

ఘోరంగా ఉంది. స్టాకు రిజిస్టరు పైకి చదువుతున్నట్టు, ఒక్కొక్క స్వరానికీ టిక్కు పెడుతున్నట్టు కూనిరాగం తీశారు. ఇరవయ్యొకటో సెకను రాగానే నా గొంతులోంచి బిందె మాట తన్నుకొచ్చింది. రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను.

భూషణంగారు కళ్ళు మూసుకుని విన్నారు. "మూడోదాని దగ్గర అంత తొందర పడకండి. అక్కడ కొంచెం ఆగి, అప్పుడు పైకి." ఆయన వేళ్ళు గాల్లో లేని క్లారినెట్ మీద ఆడుతున్నాయి.

విశ్వపతిగారు మళ్ళీ తీశారు.

"చివర్న దించేయకండి. ఆవిడింకా వాకిట్లోకి రాలేదు కదండీ. పైనే ఉంచండి."

"పైనే," అని విశ్వపతిగారు తనకు తాను చెప్పుకున్నారు. చొక్కా పైగుండీ విప్పుకుని, కళ్ళు మూసుకుని మూడోసారి అందుకున్నారు. ఈసారి కుదిరింది. ఆ మనిషి గొంతు గొంతే, ఏం మారలేదు, కానీ ఆగాల్సినచోట ఆగింది, ఎక్కాల్సినచోట ఎక్కింది. నాకు ఏడుపొచ్చింది. నా చేతులు నా నోటి మీదే ఉన్నాయి. ఆ తొమ్మిది సెకన్లూ గదిలో ఎవరూ మాట్లాడలేదు.